నిజాం కాలం పోలీసు టోపీ అంటున్నారు, కానీ బ్యాడ్జీ మీద సింహాలున్నాయి: కొనొచ్చా?

నమస్తే తమ్ముడూ. కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ఒకసారి చెప్పి మొదలుపెడతాను. మీరు కరీంనగర్ నుంచి వచ్చి ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో ఒక ఖాకీ పీక్ క్యాప్ చూశారు. నీలం పట్టీ, నల్ల పీకు (కళ్ళ మీది చూరు), ముందు ఇత్తడి బ్యాడ్జీ. బ్యాడ్జీ మీద సింహాలు, కింద ‘సత్యమేవ జయతే’. అమ్మేటాయన "నిజాం కాలం అమీన్ సాబ్ టోపీ, పోలీస్ యాక్షన్ నాటిది" అని పద్దెనిమిది వేలు చెప్పాడు. అమీన్ అంటే అప్పటి ఎస్సై. వెయ్యి బయానా ఇచ్చి వచ్చారు. ఫొటో పంపి, లోపల తలకు తగిలే చెమట పట్టీ కింద తెల్ల టేపు ఉందని కూడా చెప్పారు. మిగతా పైసలు కట్టాలా వద్దా అని అడుగుతున్నారు.

ఇప్పుడే కట్టొద్దు. మీరు చూసిన రూపంలో అది 1948 నాటి నిజాం టోపీ కాదు. మూడు సింహాలు కనిపించే సారనాథ్ స్తంభ శీర్షాన్ని మన దేశం అధికార చిహ్నంగా తీసుకున్నది 1950 జనవరి 26న. పోలీస్ యాక్షన్, అంటే భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి రావడం, జరిగింది 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా. అప్పటి నిజాం సర్కారు అమీన్ నెత్తి మీద ఈ గుర్తు ఉండే వీలే లేదు.

అట్లని టోపీ నకిలీదని కూడా నేను అనడం లేదు. రెండు దారులున్నాయి. టోపీ, బ్యాడ్జీ రెండూ 1950 తర్వాతివే అయి ఉండొచ్చు. అప్పుడది మంచి పాత టోపీయే, చెప్పిన కథ మాత్రం తప్పు. లేదా టోపీ నిజంగానే పాతది, బ్యాడ్జీ తర్వాత ఎవరో తగిలించింది. ఈ రెండిట్లో ఏదో బ్యాడ్జీ చూస్తే తెలియదు, బ్యాడ్జీ తీసి చూస్తే తెలుస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. హనుమకొండలో మాది యూనిఫాం కుట్టే దుకాణం. మా నాయిన పెట్టింది, నేను ముప్పై నాలుగేండ్లు నడిపాను. పోలీసోళ్ళవి, ఫారెస్టోళ్ళవి, ఆబ్కారోళ్ళవి, కాజీపేట రైల్వే వాళ్ళవి అన్నీ కుట్టాం. టోపీలకు కొత్త పట్టీలు వేయడం, చెమట పట్టీ మార్చడం, బక్రం (ఆకారం నిలబెట్టే గట్టి గుడ్డ) ఊడితే మళ్ళీ కూర్చోబెట్టడం నా చేతి పని. కొన్నేండ్లుగా సేకరణ చేసేవాళ్ళు పాత టోపీలు పట్టుకొచ్చి చూపిస్తున్నారు. అందుకే నేను చెప్పేది టైలరు కంటితో చెప్పేది. మెడల్స్ గురించో తుపాకుల గురించో అడిగితే నేను చెప్పలేను.

టోపీ వయసు కట్టడానికి నేను పట్టుకునే సూత్రం ఒక్కటే. టోపీతో పాటే పుట్టిన భాగాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, టోపీ వయసు అదే. పై గుడ్డ ఎంత పాతదైనా, లోపలి కుట్టు దారం 1970లదైతే టోపీ 1970లదే. కాబట్టి చేయాల్సిన పని పాతదనానికి ఆధారాలు ఏరడం కాదు. కొత్తదనానికి ఆధారం ఎక్కడ దాక్కుందో వెతకాలి. అమ్మేవాళ్ళు మొదటిది చూపిస్తారు, రెండోది మనమే చూసుకోవాలి.

బ్యాడ్జీ కింద గుడ్డ

అమ్మేటాయన ముందరే, ఆయన ఒప్పుకుంటే, బ్యాడ్జీ ఊడదీయించండి. వెనక రెండు కొక్కాలు ఉంటాయి. గుడ్డలో నుంచి లోపలికి పోయి, చిన్న పిన్నుతో బిగించి ఉంటాయి. కొన్నిటికి కొక్కాలకు బదులు పొడుగు నాలుక లాంటి రేకు ఉంటుంది. తీసిన తర్వాత మూడు చూడండి.

మొదటిది నీడ. ఏండ్ల తరబడి ఎండలో తిరిగిన ఖాకీ వెలిసిపోతుంది, బ్యాడ్జీ కింద మాత్రం ఎండ తగలదు కాబట్టి అసలు రంగు నిలుస్తుంది. ఆ ముదురు మచ్చ ఆకారం బ్యాడ్జీ ఆకారంతో సరిపోవాలి. గుండ్రని నీడ మీద నిలువు బ్యాడ్జీ ఉంటే అది ఆ టోపీది కాదు. నీడే లేకపోతే బ్యాడ్జీ ఈమధ్యనే పెట్టారు, లేదంటే టోపీ ఎండ మొహమే చూడలేదు.

రెండోది రంధ్రాలు. పాత రంధ్రం అంచు మెత్తబడి, పోగులు ఒత్తుకుని, లోహం రాసుకున్న చోట పచ్చటి చిలుము అంటి ఉంటుంది. కొత్త రంధ్రం అంచు పదునుగా, పోగులు తెగి లేచి ఉంటాయి. ఒక్క బ్యాడ్జీకి నాలుగు రంధ్రాలు కనబడితే అంతకుముందు ఇంకో బ్యాడ్జీ ఉండేదన్నమాట. ఇది తప్పేం కాదు. సర్కారు మారితే టోపీ పారేయకుండా బ్యాడ్జీ మార్చుకున్నవాళ్ళు ఉంటారు. మీ టోపీకి రెండు జతల రంధ్రాలుండి రెండూ పాతవైతే నాకు చాలా సంతోషం, అది 1948కీ 1956కీ మధ్య చేతులు మారిన టోపీ కావచ్చు.

మూడోది చెత్త. రోజూ బ్రాసో (ఇత్తడి పాలిష్) పెట్టి తోమిన బ్యాడ్జీ సందుల్లో తెల్లగా, ఆకుపచ్చగా గట్టిపడిన ముద్ద ఉంటుంది. సింహం జూలు గీతల్లో, అక్షరాల మధ్యలో దొరుకుతుంది. ఆ బ్రాసో చుట్టూ ఉన్న గుడ్డకు కూడా అంటి ఉండాలి. బ్యాడ్జీ నిండా ముద్ద ఉండి గుడ్డ మాత్రం శుభ్రంగా ఉంటే, తోమినప్పుడు ఆ బ్యాడ్జీ ఈ టోపీ మీద లేదని లెక్క.

బ్యాడ్జీ విషయంలో ఇంకొకటి. అచ్చు కొట్టిన బ్యాడ్జీ వెనక వైపు ముందు బొమ్మకు అద్దం పట్టినట్టు గుంటలు పడి ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. పోత పోసిన నకలు వెనక చదునుగా, గరుకుగా, సూది మొన లాంటి గుంటలతో ఉంటుంది. పోత చల్లారితే కొంచెం కుదించుకుపోతుంది కాబట్టి అసలుదానికన్నా వెంట్రుకవాసి చిన్నదవుతుంది. అసలు బ్యాడ్జీ పక్కన పెట్టి కొలిస్తే తేలిపోతుంది.

కిరీటం బ్యాడ్జీల గురించి కూడా ఇక్కడే చెప్తాను, రేపు ఇంకెవరో అది చూపిస్తారు. గుండ్రంగా ఉబ్బిన వంపుల కిరీటం 1901 తర్వాతి రాజుల కాలానిది. వంపులు మధ్యలో గుంట పడినట్టున్న కిరీటం ఎలిజబెత్ రాణి వచ్చిన 1952 తర్వాతిది. అప్పటికే మనది గణతంత్రం. కాబట్టి ‘పోలీస్’ అని రాసి గుంట కిరీటం ఉన్న బ్యాడ్జీని బ్రిటిష్ ఇండియాది అని ఎవరన్నా చెప్తే దండం పెట్టి వచ్చేయండి. నిజాం సర్కారు వస్తువు మీద నేనైతే వెతికేది ఆసఫ్‌జాహీ దస్తార్ (నిజాంల తలపాగా) గుర్తు, ఉర్దూ అక్షరాలు.

టోపీ కడుపులో ఏముంది

నేను ఎప్పుడూ ఎక్కువ సేపు చూసేది చెమట పట్టీ. తోలు పట్టీని మెల్లగా కిందికి మడిచి, దాని వెనకాల వేలు పోనిచ్చి చుట్టూ తిప్పండి. ఊడబెరకొద్దు, పాత తోలు పెంకులా పగిలిపోతుంది.

నర్సంపేట దిక్కు నుంచి ఒక ముసలామె తన మామ టోపీ తెచ్చింది. మనుమడికి ఫ్రేము కట్టించి ఇద్దామని, పట్టీ ఊడితే కుట్టమంది. వేలు పెట్టి తిప్పితే నుదుటి దగ్గర ఏదో గట్టిగా తగిలింది. తీస్తే నాలుగు మడతల కాగితం. టోపీ వదులైతే లోపల కాగితం మడిచి పెట్టుకోవడం అందరూ చేసిన పనే. ఉర్దూ పత్రిక ముక్క అది. చెమటకు గోధుమ రంగు తిరిగి, ఒక అంచు తోలుకు అతుక్కుపోయింది. మా గల్లీలో ఉర్దూ చదివే పెద్దాయనకు చూపిస్తే పత్తి విత్తనాల ప్రకటన అన్నాడు. తారీఖు లేదు. అయినా ఆ ఒక్క కాగితం నాకు ఏ ముద్ర కన్నా ఎక్కువ నమ్మకమిచ్చింది. ఎందుకంటే దాని మీది చెమట మరక, తోలు మీది మరక, లోపలి గుడ్డ మీది మరక మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. అది ఎవరూ దొంగతనంగా చేయలేరు. ఆ కాగితం ఎట్లా ఉందో అట్లే మళ్ళీ పెట్టి కుట్టేశాను, ఆమెకు కూడా తీయొద్దని చెప్పాను.

నిజమైన చెమట నుదుటి దగ్గర ముదురుగా ఉండి వెనక్కి పోను పోను పలచబడుతుంది. అంచున ఉప్పు గీత ఉంటుంది. నూనె పెట్టుకునే తలలు మనవి కాబట్టి నూనె జిడ్డు కూడా ఉంటుంది. చాయ్ డికాషన్‌లో ముంచి పాతది చేసిన టోపీ అంతటా ఒకే రంగులో ఉంటుంది. కుట్ల లోపలి మడతలు విప్పి చూస్తే అక్కడ కూడా అదే గోధుమ రంగు కనబడుతుంది. మడత లోపలికి చెమట అంత సమానంగా పోదు.

పురుగు తిన్న రంధ్రాలు కూడా చూపిస్తారు. బట్టల పురుగు తినేది ఉన్నిని. సర్జు (ఉన్ని గుడ్డ) టోపీకి రంధ్రాలుంటే నమ్మొచ్చు. నూలు ఖాకీ టోపీకి గుండ్రంగా, వరసగా పురుగు రంధ్రాలు ఉన్నాయంటే నాకు అగ్గిపుల్లో సిగరెట్టో గుర్తొస్తుంది.

తర్వాత ముద్ర. అస్తరు మీద తయారీదారు పేరు, సైజు ఉంటాయి. మీ ఫొటోలో సగం ముద్రే కనబడుతోంది, మిగతా సగం చూసి తీరాలి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే టోపీ 1972 ఆగస్టు 15కి ముందుది కాదు, పిన్‌కోడ్ మొదలైందే ఆ రోజున. ‘ఏ.పీ.’ అని ఉంటే, మన జిల్లాల వరకు 1956 నవంబర్ 1 తర్వాతిది. సైజు 6¾, 7 అని ఉంటే పాత అంగుళాల లెక్క. 55, 56 అని సెంటీమీటర్లలో ఉంటే అనుమానించాలి, మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచే మెల్లగా వచ్చాయి. ధర చీటీ మిగిలి ఉంటే అది బంగారం. ‘నయా పైసలు’ అని ఉంటే 1957కూ 1964కూ మధ్య. అణాల్లో ఉంటే అంతకు ముందు. హాలీ (నిజాం రూపాయి), కల్దార్ (బ్రిటిష్ రూపాయి) అని వేరుచేసి రాసి ఉంటే అది హైదరాబాద్ సంస్థానపు బజారు వాసన ఉన్న వస్తువు.

ఉర్దూ అంకెల్లో సంవత్సరం ఉంటే తొందరపడొద్దు. నిజాం సర్కారు కాగితాల్లో, లెక్కల్లో ఫసలీ సంవత్సరం వాడేవాళ్ళు. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1355 అని ఉంటే ఫసలీ లెక్కన 1945. అదే హిజ్రీ అనుకుంటే 1936 అవుతుంది. తొమ్మిదేండ్ల తేడా. ఒకాయన ఇట్లాగే హిజ్రీ లెక్క కట్టి, యుద్ధానికి ముందుదని ఎక్కువ పెట్టి కొన్నాడు.

ముద్ర ఉండాల్సిన చోట అస్తరు చతురస్రంగా కత్తిరించి ఉంటే నేను ఇక చూడను. ఆ పాఠం నాకు ఖరీదుగానే వచ్చింది. మొదట్లో ఒక బేరగాడి దగ్గర అట్లాంటి టోపీ తీసుకున్నాను. ‘ఎలుక కొరికింది’ అంటే సరే అనుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే అస్తరు కింది బక్రం మీదికి సిరా ఊరి, చిరునామా చివర మూడంకెలు తిరగేసి కనబడ్డాయి: 003. సికింద్రాబాద్ పిన్‌కోడ్. 1940ల టోపీ అని కొన్నది 1972 తర్వాతిదని అప్పుడు తేలింది. ఎలుక పంటి గాటు చెదురుగా ఉంటుంది, కత్తెర గాటు తిన్నగా ఉంటుంది. రోజూ కత్తెర పట్టేవాడిగా అది నేను ముందే చూడాల్సింది.

దారం అబద్ధం చెప్పదు

లోపలి కుట్టు చివర వేలాడే దారం ముక్క అర అంగుళం చాలు. అమ్మేటాయనను అడిగే తీసుకోండి. టోపీకి దూరంగా, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. నూలు దారం కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ దారం కుంచించుకుపోయి నల్లటి గట్టి పూస కడుతుంది. పాలిస్టర్‌ను ఇంగ్లండ్‌లో కనిపెట్టిందే 1941లో, మన దగ్గర దర్జీల చేతికి వచ్చింది 1960ల తర్వాత. అసలు కుట్టులో ఆ దారం దొరికితే నిజాం మాట మర్చిపోవచ్చు. ఇక్కడ జాగ్రత్త, మరమ్మతు కుట్టు వేరు, అసలు కుట్టు వేరు. నాలాంటివాడు 1985లో ఊడిన పట్టీ మళ్ళీ కుట్టి ఉంటాడు. అందుకే పీకు, పట్టీ కలిసే చోటు నుంచి దారం తీయాలి. టోపీ మొత్తం విప్పితే తప్ప ఆ కుట్టు మార్చలేరు.

నోట్లు చూసే నీలి లైటు ఒకటి తీసుకుపోండి. చీకట్లో టోపీ మీద వేస్తే, కొత్త గుడ్డలు, దారాలు తెల్లగా మెరుస్తాయి. తెలుపు పెంచే రసాయనాల వల్ల వచ్చే మెరుపు అది. మీరు చెప్పిన చెమట పట్టీ కింది తెల్ల టేపు మీద ముందు వేయండి. అయితే ఈమధ్య సర్ఫ్‌లో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది. కాబట్టి మెరిసిందని టోపీ పారేయొద్దు, మెరవలేదని చంకలు గుద్దుకోవద్దు. అది ఒక సాక్షి మాత్రమే.

పీకు తోలుదో, ఫైబరుదో అయితే అంచున పొరలు కనబడతాయి, పైపూత వలలా చిట్లుతుంది. ప్లాస్టిక్‌ది గీతలు పడుతుంది గానీ చిట్లదు. రెగ్జిన్ కనబడగానే కొత్తది అనేస్తారు చాలామంది. అది తప్పు. రెగ్జిన్ గుడ్డ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఉంది. వెనక సైజు సరిచేసుకునే వెల్క్రో ఉంటే మాత్రం మారు మాట లేదు.

కొన్ని మెలికలు

కథతో కుదరని బ్యాడ్జీ ప్రతిసారీ మోసం కాదు. పోలీస్ యాక్షన్ తర్వాత మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నుంచి పోలీసులను, అధికారులను సంస్థానంలోకి పంపారు. వాళ్ళలో కొందరు వరంగల్, నల్లగొండ జిల్లాల్లో ఏండ్ల తరబడి ఉన్నారు. అందుకే మన ఊళ్ళలో పాత సందూకులో మద్రాసు బ్యాడ్జీ ఉన్న టోపీ దొరికితే నేను ఆశ్చర్యపోను. అట్లే 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ వేరే రాష్ట్రంగా ఉంది. ఆ ఆరేండ్ల టోపీ, ఇంటి కాగితాలతో సహా దొరికితే, నా దృష్టిలో నిజాం కాలపుదానికి ఏం తక్కువ కాదు. మీ టోపీ అదే అయ్యే అవకాశం ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను.

ఇంకొకటి, ‘రజాకార్ టోపీ’ అని అమ్మేవి. ఒట్టి ఖాకీ టోపీని చూసి అది రజాకారుదని ఏ దర్జీ చెప్పలేడు. ఇంటి చరిత్ర, ఫొటో, కాగితం ఉంటేనే ఆ మాట నిలబడుతుంది. మన ఊళ్ళలో ఆ పేరుతో ఎన్ని ఇండ్లు కాలాయో, ఎంతమంది పోయారో తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పేరును బేరం పెంచడానికి వాడటం నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. అట్లనే ‘ఆజంజాహి మిల్లు గుడ్డ’ అంటారు. 1934లో పెట్టిన ఆ మిల్లు వరంగల్‌కు గర్వకారణమే, కానీ మిల్లు ముద్ర గుడ్డ మీద కనబడకుండా ఖాకీని ముట్టుకుని అది ఏ మిల్లుదో చెప్పలేం.

ఫారెస్టు, ఆబ్కారీ, హోంగార్డు, రైల్వే టోపీలు బ్యాడ్జీ తీసేస్తే పోలీసు టోపీలాగే ఉంటాయి. ఒక పోలీసు బ్యాడ్జీ తెచ్చి తగిలిస్తే ధర పెరుగుతుంది. నీడ, రంధ్రాలు చూడమన్నది అందుకు కూడా.

కాగితాల విషయానికొస్తే, టోపీ ఎవరిదో చెప్పే ఒక్క ఉత్తరం, పింఛను కాగితం, గ్రూపు ఫొటో ఉన్నా నేను ధర గురించి ఎక్కువ మాట్లాడను. నిజాం కాలపు కాగితంలో ఎస్సైని అమీన్ అని, ఎస్పీని మొహతమీమ్ అని రాసేవాళ్ళు. 1940 నాటిదని చూపించిన ఉత్తరంలో ‘ఎస్సై’ అని తెలుగులో చక్కగా టైపు చేసి ఉంటే ఆ ఉత్తరాన్నే ముందు పరీక్షించాలి.

చట్టం మాట ఒకటి. సేకరణ కోసం అలమారలో పెట్టుకోవడం వేరు, మోసం చేసే ఉద్దేశంతో తలకు పెట్టుకుని బయటికి పోవడం వేరు. రెండోది భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద నేరం. సరదాకి కూడా పెట్టుకుని బండి మీద తిరగొద్దు. రాజచిహ్నం దుర్వినియోగం మీద 2005 చట్టం కూడా ఉంది.

ఇక వచ్చే ఆదివారం మీరు చేయాల్సింది. పొద్దున్నే, ఎండ ఉన్నప్పుడు పోండి, గుడ్డ రంగు తేడా ట్యూబులైటు కింద తెలియదు. నీలి లైటు, చిన్న భూతద్దం, అగ్గిపెట్టె, చిమటా జేబులో పెట్టుకోండి. అమ్మేటాయనతో గొడవ పడొద్దు, ఆయనకు కూడా ఎవరో అదే కథ చెప్పి అమ్మి ఉంటారు. "పెద్దమనిషీ, బ్యాడ్జీ తీసి చూస్తా, నచ్చితే తీసుకుంటా" అని మర్యాదగా అడగండి. తీయనివ్వకపోతే బయానా వదులుకుని వచ్చేయండి. వెయ్యి పోతుంది, పదిహేడు వేలు మిగులుతాయి. తీయనిస్తే, పీకు దగ్గరి దారం నూలుదై, రంధ్రాలు రెండు జతలై, ముద్రలో పిన్‌కోడ్ లేకపోతే నాలుగైదు వేల దాకా నేను పెడతాను. నిజాం ధర మాత్రం పెట్టను.

కొన్నాక దాన్ని ఉతకొద్దు, బ్యాడ్జీని తోమొద్దు. మీకు మురికిగా కనబడేదే దాని జాతకం. పాత నూలు చీర ముక్క గుండ్రంగా చుట్టి లోపల పెట్టండి, ఆకారం నిలుస్తుంది. కలరా ఉండలు తోలుకు తగలకుండా గుడ్డలో కట్టి పక్కన పెట్టండి.

బ్యాడ్జీ తీసిన చోటు, బ్యాడ్జీ వెనక, ముద్ర మిగతా సగం, ఈ మూడు ఫొటోలు ఎండలో తీసి ఇక్కడే పెట్టండి. భూతద్దం లోంచి రంధ్రం అంచు కనబడేట్టు ఒకటి తీయగలిగితే ఇంకా మంచిది. చూసి ఆ రోజే చెప్తాను.